మీ శివారు కాలనీకి బస్సు రావాలంటే, బస్టాపు దాకా నడిచే దారి ఉండాలంటే

హైదరాబాద్ శివారు కాలనీలన్నిటిదీ ఇంచుమించు ఒకటే కథ. బాచుపల్లి, నాగారం, బోడుప్పల్, తుర్కయంజాల్, నార్సింగి... ఏది తీసుకున్నా ముందు ప్లాట్లు పడ్డాయి, తర్వాత ఇళ్లు లేచాయి, వాటి పక్కనే ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లు వచ్చాయి. నీళ్ల పైపు, డ్రైనేజీ ఏళ్లు గడిచాక వచ్చాయి. బస్సు మాత్రం మెయిన్ రోడ్డు దగ్గరే ఆగిపోయింది. అక్కడి దాకా నడిచి పోదామంటే ఫుట్‌పాత్ ఉండదు, ఉన్నచోట నడవడానికి వీలుండదు. అందుకే ఇంటికో బండి, ఆ తర్వాత రెండోది, ఆపైన కారు. బండి నడపడం రాని అమ్మమ్మ, ఇంటర్ చదివే పిల్ల, ఇళ్లలో పనికి వచ్చే ఆవిడ షేర్ ఆటో కోసం ఎదురు చూస్తూ నిలబడతారు.

ఈ పరిస్థితి మారాలంటే ఎవరిని, ఏమని, ఏ వరసలో అడగాలో ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణలన్నీ హైదరాబాద్‌వి. విజయవాడలోనో, విశాఖలోనో ఉన్నవాళ్లకు ఆఫీసుల పేర్లు మారతాయి గానీ, అడిగే పద్ధతి పెద్దగా మారదు.

మెట్రో వచ్చేదాకా ఆగొద్దు

కాలనీ మీటింగులో బస్సు మాట ఎత్తగానే ఎవరో ఒకరు అంటారు: "ఇంకెందుకండీ, మన వైపు మెట్రో వస్తోందిగా." ఈ ఒక్క మాటతో ఏళ్లు గడిచిపోతాయి. మెట్రో 2017 నవంబర్‌లో మొదలైంది. తొలి దశ మొత్తం 69 కిలోమీటర్లు, 57 స్టేషన్లు. మియాపూర్, నాగోల్, ఎల్బీనగర్, రాయదుర్గం దాటి బయటికి పోలేదు. నగరంలో తిరిగే లోకల్ రైలు ఎంఎంటీఎస్ 2003లో పట్టాలెక్కింది. దాని రెండో దశ పనులు ఏళ్ల తరబడి సాగి, మేడ్చల్ వైపు రైళ్లు 2023లో, మౌలాలి–సనత్‌నగర్ మార్గంలో 2024లో మొదలయ్యాయి. రైలు కావాలని అడగండి, తప్పు లేదు. కానీ దానికి ఢిల్లీ దాకా సంతకాలు కావాలి. ఉన్న బస్సును రెండు కిలోమీటర్లు ముందుకు నడపాలంటే మీ డిపో మేనేజర్‌తోనే పని మొదలవుతుంది.

నగరంలో అసలు బస్సులే తక్కువ అన్నది నిజం. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ కొలమానం ప్రకారం వెయ్యి మందికి 0.6 బస్సులుంటే మంచి స్థాయి. అంటే లక్ష మందికి 60. కోటి దాటిన ఈ నగరంలో తిరిగే ఆర్టీసీ సిటీ బస్సులు సుమారు 3 వేలు. ఆ లెక్కన లక్షకు 30 కూడా రావు. బెంగళూరులో బీఎంటీసీకి 6 వేలకు పైనే ఉన్నాయి. ఈ అంకెలు గుర్తుపెట్టుకోండి, ఎమ్మెల్యే దగ్గరికి వెళ్లినప్పుడు పనికొస్తాయి. డిపో మేనేజర్‌కు మాత్రం చెప్పకండి. బస్సులు చాలక ఆయన రోజూ పడుతున్న తిప్పలే మళ్లీ ఆయనకు వినిపించినట్టు అవుతుంది.

మొదటి పని: ఐదారుగురు చాలు, కానీ సరైనవాళ్లు

కాలనీ సంక్షేమ సంఘం ఉంటే దాని లెటర్‌హెడ్ వాడుకోండి. అయితే పని మొత్తం సంఘం మీద వదిలేయొద్దు. చాలా సంఘాల్లో అధ్యక్షుడు, కార్యదర్శి కార్లలో తిరిగే పెద్దమనుషులు. వాళ్లు చెడ్డవాళ్లని కాదు, బస్సు లేకపోతే వాళ్ల రోజు ఏమీ ఆగదు. కాబట్టి రోజూ బస్సెక్కే ఉద్యోగిని ఒకరు, కాలేజీ విద్యార్థి ఒకరు, రిటైరై తీరిక ఉన్నవారు ఒకరు, బస్టాపు పక్కన కిరాణా కొట్టో టిఫిన్ బండో నడిపేవారు ఒకరు ఉండేలా చూసుకోండి. ఆ టిఫిన్ బండి మనిషిని చిన్నచూపు చూడకండి. ఏ బస్సు ఎన్నింటికి వచ్చింది, ఏది రాలేదు అన్న సంగతి ఆ దారిలో అందరికంటే ఆయనకే బాగా తెలుసు.

ఇళ్లలో పనిచేసేవాళ్లను, వాచ్‌మన్ కుటుంబాలను కూడా అడగండి. మీటింగ్ ఆదివారం ఉదయం పెడితే వాళ్లకు కుదరదు. వాళ్ల పని అయిపోయే వేళకు ఎవరింటి మెట్ల దగ్గరో నిలబడి పది నిమిషాలు మాట్లాడితే చాలు.

వాట్సాప్ గ్రూపు వేరేగా పెట్టుకోండి. కాలనీ గ్రూపులో ఈ విషయం వేస్తే గుడ్ మార్నింగ్ పూలబొమ్మల కింద పడి కనబడదు. పక్క కాలనీలతోనూ మాట కలపండి. ఒక్క కాలనీ కోసం బస్సు రాదు. ఒకే దారి మీద ఉన్న నాలుగు కాలనీలు, ఒక గేటెడ్ కమ్యూనిటీ, ఒక బడి కలిసి అడిగితే వస్తుంది.

రెండో పని: లెక్క తీయండి

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. చాలామంది దాటేసేదీ ఇదే. "మాకు బస్సు లేదు సార్, చాలా ఇబ్బందిగా ఉంది" అని రాసిన కాగితాలు డిపోలో కట్టలకొద్దీ ఉంటాయి. ఎన్ని గంటలకు, ఎంతమంది, ఎటు పోతున్నారో రాసిన కాగితం అరుదు.

మామూలు పనిదినం ఒకటి ఎంచుకోండి. సోమవారం, పండగ ముందురోజు, పరీక్షల రోజు వద్దు. మంగళవారమో బుధవారమో మంచిది. కాలనీ కమాన్ (ప్రవేశ ద్వారం) దగ్గర ఇద్దరు, మెయిన్ రోడ్డు బస్టాపు దగ్గర ఇద్దరు నిలబడాలి. ఉదయం 7 నుంచి 9.30 దాకా, సాయంత్రం 5 నుంచి 8 దాకా. నోటుబుక్కులో ప్రతి పదిహేను నిమిషాలకు ఒక గడి గీసుకుని నాలుగు విషయాలు రాయండి: ఎన్ని షేర్ ఆటోలు దాటాయి, ఒక్కోదాంట్లో ఎంతమంది ఉన్నారు, ఎంతమంది నడిచి వచ్చారు, స్టాపులో ఏ నంబరు బస్సు ఎన్నింటికి ఆగింది, లేదా ఆగకుండా పోయింది. వచ్చినవాళ్లలో కొందరిని ఎక్కడికి పోతున్నారో అడగండి. పేర్లు, ఫోన్ నంబర్లు అక్కర్లేదు.

ఉదాహరణకు, ఉదయం రెండు గంటల్లో మీ కమాన్ నుంచి 70 షేర్ ఆటోలు పోయాయనుకుందాం. ఒక్కోదాంట్లో సగటున ఐదుగురు. అంటే 350 మంది. బస్సుకు 40 సీట్లు వేసుకున్నా దాదాపు 9 ట్రిప్పుల జనం. అందులో సగం మంది ఉప్పల్ వైపే పోతున్నారని తేలితే, మీ కోరిక దానంతట అదే రాసుకుపోతుంది.

ఆర్టీసీ వాళ్లు రోజూ చూసుకునే కొలతలు రెండున్నాయి. ఒకటి ఓఆర్, అంటే సీట్లు ఎంత శాతం నిండాయన్నది. రెండోది ఈపీకే, కిలోమీటరుకు వచ్చిన రాబడి. డిపోలో ఎవరిని కదిలించినా ఈ రెండు మాటలే వినబడతాయి. మీరు కూడా ఆ భాషలోనే మాట్లాడితే ఎదుటి మనిషి కుర్చీలో కాస్త ముందుకు జరుగుతారు.

2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది కదా. అందుకే "ఆడవాళ్లు ఎక్కితే డిపోకు ఏమొస్తుంది" అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. జీరో టికెట్ల లెక్క చూపించే ఆర్టీసీ ప్రభుత్వం నుంచి డబ్బు అడుగుతుంది. కాబట్టి మీ లెక్కలో ఆడవాళ్ల సంఖ్య వేరుగా రాయండి. బస్సు మొదలయ్యాక కూడా ప్రతి ఒక్కరూ గుర్తింపు కార్డు చూపించి జీరో టికెట్ తీసుకునేలా చెప్పండి. టికెట్ తీసుకోకుండా కూర్చున్న మనిషి ఓఆర్‌లో కనబడదు.

మూడో పని: టేపు పట్టుకుని నడవండి

ఇంటి నుంచి స్టాపు దాకా దారి బాగాలేకపోతే, ఎన్ని బస్సులు వేసినా జనం బండే తీస్తారు. అందుకే బస్సు, ఫుట్‌పాత్ రెండూ కలిపి అడగాలి. వాటిని చూసే ఆఫీసులు వేరైనా సరే.

ఇంట్లో ఉండే ఐదు మీటర్ల స్టీలు టేపు చాలు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పాదచారుల సౌకర్యాల కోసం ఇచ్చిన మార్గదర్శకాలు ఐఆర్‌సీ 103 అనే నంబరుతో ఉన్నాయి. 2012 ప్రతి ప్రకారం అడ్డు లేకుండా నడవడానికి కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలి, తల మీద 2.2 మీటర్ల దాకా ఏదీ తగలకూడదు, ఫుట్‌పాత్ అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు. ఇంజనీర్లందరికీ ఇవి తెలిసినవే.

ఇప్పుడు కమాన్ దగ్గర మొదలుపెట్టి స్టాపు వైపు నడవండి. అడ్డొచ్చిన ప్రతిదాని దగ్గరా ఆగి రాసుకోండి. మొదట ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, పక్కన మిగిలింది 40 సెంటీమీటర్లు. తర్వాత ఒక ఇంటి ర్యాంపు, కారు లోపలికి ఎక్కడానికి ఫుట్‌పాత్‌ను ఏటవాలుగా తెగ్గొట్టి రోడ్డు దాకా పోసిన సిమెంటు. తర్వాత నాలా మీద పగిలిన పలక. వానాకాలంలో నీళ్లు నిండితే అక్కడ గుంట ఉందనే తెలియదు. తర్వాత ఇంటర్నెట్ కేబుల్ చుట్టలు వేలాడే స్తంభం. బ్యాంకు ముందు రెండు వరసల్లో బైకులు. చివరగా స్టాపు. అక్కడ బోర్డు ఉండొచ్చు, నీడ ఉండదు, రాత్రి దీపం ఉండదు. ఇలా ఒక్క కిలోమీటరులో ఇరవై అడ్డంకులైనా తేలతాయి. ప్రతిదానికీ ఒక ఫోటో, దగ్గరలోని కరెంటు స్తంభం నంబరు. స్తంభం నంబరు రాస్తే లైన్‌మన్ గానీ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గానీ "ఎక్కడో చెప్పలేదు" అని తప్పించుకోలేరు.

ఇదే నడక రాత్రి ఎనిమిదికి ఒకసారి, వాన పడ్డ మర్నాడు ఒకసారి చేయండి. వీల్‌చెయిర్ వాడేవారో, చేతికర్రతో నడిచేవారో మీతో ఉంటే మీరు చూడని అడ్డంకులు ఇంకో పది కనబడతాయి.

మీ దారికి అడ్డంగా గోడ ఉందేమో కూడా చూడండి. శివార్లలో ఇది పెద్ద సమస్య. అవతలి వీధిలోనే స్టాపు కనబడుతుంటుంది, మధ్యలో ఎవరో లేఅవుట్ గోడ కట్టేస్తారు, లేదా గేటుకు తాళం వేస్తారు. రెండు వందల మీటర్ల దారి కిలోమీటరున్నర అవుతుంది. నగర అభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ అనుమతి పొందిన లేఅవుట్‌లో రోడ్లను గిఫ్ట్ డీడ్ ద్వారా స్థానిక సంస్థకు అప్పగిస్తారు. ఆపైన అవి ప్రజల రోడ్లే. ఆ లేఅవుట్ ప్లాన్ కాపీ సంపాదించండి. తగవుకు దిగే ముందు ఆ సంఘం వాళ్లతో కూర్చుని, కార్లకు కాకపోయినా మనుషులు నడిచేందుకు చిన్న గేటు తెరవమని అడగండి. దొంగతనాల భయం నిజమైనదే. ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా తెరిచి ఉంచుతామని చాలాచోట్ల ఒప్పుకుంటారు. అసలు ఒప్పుకోకపోతే టౌన్ ప్లానింగ్ విభాగానికో, ఆక్రమణలు తొలగించే హైడ్రాకో ప్లాన్ కాపీ జోడించి రాయండి.

నాలుగో పని: రోడ్డు ఎవరిదో తేల్చుకోండి

నెలలు వృథా అయ్యేది ఇక్కడే. జీహెచ్ఎంసీకి అర్జీ ఇస్తారు, మూడు నెలలకు "ఇది మా రోడ్డు కాదు" అని జవాబు వస్తుంది. వరంగల్ రోడ్డు, విజయవాడ రోడ్డు, మేడ్చల్ రోడ్డు వంటివి జాతీయ రహదారులు. కొన్ని రోడ్లు ఆర్ అండ్ బీ, అంటే రాష్ట్ర రోడ్లు, భవనాల శాఖవి. ఔటర్ రింగ్ రోడ్డు పక్క సర్వీసు రోడ్లు హెచ్‌ఎండీఏ కిందివి. పారిశ్రామిక వాడల్లోవి వాటిని చూసే ప్రభుత్వ సంస్థ టీజీఐఐసీవి. కంటోన్మెంట్‌లో బోర్డుది. లోపలి రోడ్లు స్థానిక సంస్థవి. పైగా 2025 చివర్లో చుట్టుపక్కల ఉన్న 27 పురపాలికలను జీహెచ్ఎంసీలో కలపడంతో ఫైళ్లూ సీట్లూ మారాయి. నిన్నటి దాకా మున్సిపల్ కమిషనర్ దగ్గరున్న పని ఇవాళ ఏ సర్కిల్ ఆఫీసుకు వచ్చిందో ముందుగా కనుక్కోండి.

పనులు కూడా పంచబడి ఉంటాయి. బస్సు నడిపేది ఆర్టీసీ. స్టాపులో షెల్టర్ కట్టేది సాధారణంగా కార్పొరేషన్, తరచూ ప్రకటనల ఏజెన్సీ ద్వారా. స్టాపు ఎక్కడ ఉండాలన్న దాంట్లో ట్రాఫిక్ పోలీసుల మాట ముఖ్యం. స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు కరెంటు సంస్థవి. ఒక పేజీ మీద ఎడమవైపు మీ ఇరవై అడ్డంకులు, కుడివైపు ఒక్కోదానికి బాధ్యుడైన ఆఫీసు పేరు రాసుకోండి. ఒక్కో ఆఫీసుకు దాని వాటా మాత్రమే పంపండి. ఇరవై అంశాల అర్జీ ఎవరి టేబుల్ మీదికి పోయినా, ముందు చేసే పని దాన్ని ఇంకో టేబుల్‌కు తోసేయడమే.

ఐదో పని: డిపోకు వెళ్లడం

మీ దారిలో తిరిగే బస్సు ఏ డిపోదో కండక్టర్‌ను అడిగితే చెప్తారు. ఉప్పల్ వైపు చెంగిచర్ల, ఈసీఐఎల్ వైపు కుషాయిగూడ, అటు మియాపూర్, మేడ్చల్, హయత్‌నగర్, ఇలా.

కొత్త రూటు అడగకండి. కొత్త రూటంటే కొత్త బస్సు, కొత్త సిబ్బంది, కొత్త షెడ్యూలు. ఉన్న రూటును మీ కమాన్ దాకా పొడిగించమనండి, లేదా ఉదయం సాయంత్రం ట్రిప్పులు పెంచమనండి. దగ్గరలో మెట్రో స్టేషనో ఎంఎంటీఎస్ స్టేషనో ఉంటే, అక్కడి దాకా అటూ ఇటూ తిరిగే చిన్న షటిల్ అడగొచ్చు. నా మటుకు నేను ముందు ట్రిప్పులు పెంచమనే అడుగుతాను. గంటకొక బస్సు ఉన్నచోట జనం బస్సును నమ్మరు. పదిహేను నిమిషాలకు ఒకటి వస్తే టైమ్ చూసుకోకుండానే ఇంట్లోంచి బయల్దేరతారు.

పొడిగింపు అడిగేట్టయితే డిపో మేనేజర్ వేసే మొదటి ప్రశ్న: "బస్సు తిరగడానికి చోటుందా?" మామూలు సిటీ బస్సు పన్నెండు మీటర్ల పొడవు. దాన్ని వెనక్కీ ముందుకీ తీయకుండా తిప్పాలంటే పెద్ద ఖాళీ స్థలం కావాలి, లేదా వీధుల చుట్టూ తిరిగి వచ్చే లూప్ ఉండాలి. కమాన్ ఎత్తు, కిందికి వేలాడే కేబుళ్లు, దారిలోని స్పీడ్ బ్రేకర్లు, మలుపు దగ్గర ఆపే కార్లు అన్నీ ముందే చూసుకుని, ఒక చేతిగీత మ్యాపు పట్టుకెళ్లండి. చివరి స్టాపులో డ్రైవర్, కండక్టర్ వాడుకోవడానికి టాయిలెట్, తాగడానికి నీళ్లు ఎవరింట్లోనో, కమ్యూనిటీ హాల్లోనో ఏర్పాటు చేస్తామని రాయండి. చిన్న విషయంలా కనబడుతుంది గానీ, మహిళా కండక్టర్లున్న రూట్లలో ఇది చాలా పెద్ద విషయం.

అర్జీ ఒక పేజీ దాటకూడదు. ఇలా రాయొచ్చు:

"డిపో మేనేజర్ గారికి నమస్కారం. విషయం: ఫలానా నంబరు బస్సును మెయిన్ రోడ్డు నుంచి మా కమాన్ వరకు 1.8 కిలోమీటర్లు పొడిగించాలని వినతి. ఈ దారిలో నాలుగు కాలనీలు, ఒక జూనియర్ కాలేజీ ఉన్నాయి. ఫలానా తేదీ ఉదయం 7 నుంచి 9.30 వరకు మేము తీసిన లెక్క ప్రకారం ఇన్ని వందల మంది షేర్ ఆటోల్లో ప్రయాణించారు, వారిలో ఇంతమంది మహిళలు. లెక్క పత్రం జత చేశాం. బస్సు తిరగడానికి కమ్యూనిటీ హాల్ ముందు స్థలం ఉంది, మ్యాపు జత చేశాం. సిబ్బందికి టాయిలెట్, తాగునీరు మేము సమకూరుస్తాం. ఉదయం నాలుగు, సాయంత్రం నాలుగు ట్రిప్పులు మూడు నెలల పాటు ప్రయోగాత్మకంగా నడపాలని కోరుతున్నాం."

"ప్రయోగాత్మకంగా" అన్న మాట తీసేయకండి. శాశ్వతంగా ఒప్పుకోవడానికి జంకే అధికారి మూడు నెలలకు ఒప్పుకుంటారు. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, ముద్ర వేయించుకోండి. రీజనల్ మేనేజర్‌కు ఒక ప్రతి పంపండి. జూన్‌లో బడులు, కాలేజీలు తెరిచేలోపు, అంటే ఏప్రిల్ చివరికల్లా ఇది చేతికి అందితే మంచిది.

ఆరో పని: ఫుట్‌పాత్ కోసం అర్జీ, ప్రజావాణి, ఆర్టీఐ

"ఫుట్‌పాత్ వేయండి" అంటే ఎస్టిమేట్, టెండర్, నిధుల కొరత అనే సమాధానమే వస్తుంది. అందుకే రెండు భాగాలుగా అడగండి. ఖర్చు లేకుండా నెలలో అయ్యేవి ఒక కాగితం మీద: పగిలిన పలక మార్చడం, కేబుల్ చుట్టలు తీయించడం, ఆగిపోయిన లైటు, చెరిగిన జీబ్రా గీతలు. నిధులు కావాల్సినవి ఇంకో కాగితం మీద. మొదటి కాగితంలో నాలుగైదు పనులు జరిగితే కాలనీలో జనానికి నమ్మకం వస్తుంది, గ్రూపులో మనుషులు పెరుగుతారు. పెద్ద పనుల కాగితం మాత్రం బడ్జెట్ ముసాయిదా తయారయ్యే చలికాలానికి ముందే అందేలా చూడండి. మార్చిలో ఇస్తే ఏడాది ఆగాల్సిందే.

మాటల్లో వాడుకోవడానికి గట్టి ఆధారాలున్నాయి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వాళ్లలో 32 వేల మందికి పైగా నడిచి పోతున్నవాళ్లే. ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమని, అది దివ్యాంగులకూ పనికొచ్చేలా ఉండాలని సుప్రీంకోర్టు 2025 మేలో చెప్పింది. చెన్నై కార్పొరేషన్ 2014లోనే రవాణా నిధుల్లో కనీసం 60 శాతం నడక, సైకిల్ సౌకర్యాలకు కేటాయించాలని విధానం చేసుకుంది. మనకేమో ఫ్లైఓవర్ శంకుస్థాపన ఉన్నంత సందడి ఫుట్‌పాత్‌కు ఉండదు. అధికారులతో మాట్లాడేటప్పుడు ఈ ఎత్తిపొడుపు మనసులోనే ఉంచుకోండి.

సర్కిల్ ఆఫీసులో నెలదాటినా కదలిక లేకపోతే, అధికారులు జనం అర్జీలు నేరుగా తీసుకునే ప్రజావాణికి వెళ్లండి. కలెక్టరేట్‌లోనూ, జీహెచ్ఎంసీలోనూ సోమవారాలు, ప్రజాభవన్‌లో మంగళ, శుక్రవారాలు జరుగుతుంది. పదిమంది వెళ్లి ఒక్కరు మాట్లాడండి. అందరూ ఒకేసారి మాట్లాడితే అధికారి కాగితం మీద "తగు చర్య" అని రాసి పక్కన పెట్టేస్తారు.

అప్పటికీ కాకపోతే సమాచార హక్కు చట్టం. పది రూపాయల పోస్టల్ ఆర్డర్, తెల్ల కాగితం, పౌర సమాచార అధికారి పేరున దరఖాస్తు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయొచ్చు. "ఫుట్‌పాత్ ఎందుకు వేయలేదు" అని అడగకండి, ఎందుకు అన్న ప్రశ్నకు చట్టం కింద జవాబు రాబట్టడం కష్టం. రికార్డు అడగండి: ఈ రోడ్డుకు గత మూడేళ్లలో మంజూరైన పనుల జాబితా, ఎస్టిమేట్ కాపీలు, ఎంబీ అంటే కొలతల పుస్తకం కాపీ, మాస్టర్ ప్లాన్‌లో ఈ రోడ్డు వెడల్పు. ఎంబీలో వేసినట్టు రాసిన ఫుట్‌పాత్ నేల మీద లేకపోతే, ఆ తర్వాత మీరు పెద్దగా అరవాల్సిన పని ఉండదు. ఆర్టీసీని రూటు నంబరు వారీగా రోజువారీ ట్రిప్పులు, ఓఆర్ అడగొచ్చు.

షెల్టర్ లాంటి చిన్న నిర్మాణానికి ఎంపీ నిధులు కూడా దారే. ఒక్కో ఎంపీకి ఏడాదికి 5 కోట్ల కేటాయింపు ఉంటుంది. శిలాఫలకం మీద పేరు వేయించుకోనివ్వండి, మనకు పోయేదేముంది.

ఏడో పని: మనలో మనకు వచ్చే పేచీలు

అసలు ఇబ్బంది చాలాసార్లు ఆఫీసులో ఉండదు, మన వీధిలోనే ఉంటుంది. ఫుట్‌పాత్ కావాలని సంతకం పెట్టిన మనిషే తన ఇంటి ముందు ర్యాంపు తీస్తామంటే ఒప్పుకోరు. ముందుగా గ్రూపులో ఉన్నవాళ్ల ర్యాంపులు సరిచేసుకోండి, అప్పుడు పక్కింటి వాళ్లతో మాట్లాడే హక్కు వస్తుంది. కారు గేటు దాటాలంటే మొత్తం ఫుట్‌పాత్ తెగ్గొట్టక్కర్లేదు. అంచు దగ్గర చిన్న వాలు చాలు.

రెండో పేచీ బండ్ల వాళ్ల గురించి. ఫుట్‌పాత్ అనగానే "ముందు ఆ కూరగాయల బండ్లు లేపించండి" అంటారు. నేను దీనికి ఒప్పుకోను. సాయంత్రం ఏడు తర్వాత ఆ రోడ్డు మీద వెలుగు, మనుషుల అలికిడి ఉన్నాయంటే ఆ బండ్ల వల్లే. ఒంటరిగా బస్సు దిగే ఆడపిల్లకు అది ఎంత ధైర్యమో అడిగి చూడండి. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం కూడా సర్వే చేయకుండా, చోటు చూపకుండా లేపకూడదు. నడిచే 1.8 మీటర్లు వదిలి అవతల బండ్లకు గీత గీయమని అడగండి. బ్యాంకు ముందు ఆపే బైకులు, కార్లు ఆక్రమించే చోటుతో పోలిస్తే బండ్లు ఆక్రమించేది కొంచెమే.

షేర్ ఆటో వాళ్లు కూడా ఉన్నారు. బస్సొస్తే వాళ్ల పొట్ట కొట్టినట్టే అనుకుంటారు, కొన్నిచోట్ల బస్సు ముందు ఆటోలు అడ్డంగా పెడతారు. బస్సు లేని మధ్యాహ్నం వేళలు, లోపలి వీధులు వాళ్లవేనని మొదటే మాట్లాడుకుంటే టెన్షన్ తగ్గుతుంది. స్టాపుకు ముప్ఫై అడుగుల అవతల ఆటోలకు నిలిపే చోటు చూపమని ట్రాఫిక్ ఇన్‌స్పెక్టర్‌ను అడగండి.

కాలనీలో ఇంకా నమ్మకం కుదరకపోతే ఒక ఆదివారం ఉదయం రెండు గంటలు, పోలీసుల అనుమతితో, వీధిలో కార్లు ఆపేయండి. పిల్లలు సైకిళ్లు తొక్కుతారు, పెద్దలు నడుస్తారు. చెన్నైలో టీ నగర్ పాండీ బజార్‌ను 2019లో పాదచారుల వీధిగా మార్చే ముందు కూడా ఇలాంటి ప్రయోగాలే చేశారు.

ఓపిక గురించి ఒక మాట. బెంగళూరు జనం 2016లో ఉక్కు ఫ్లైఓవర్ వద్దని వీధికెక్కితే 2017లోనే ప్రభుత్వం వెనక్కి తగ్గింది. అదే ఊపులో "చుకు బుకు బేకు" అంటూ సబర్బన్ రైలు అడిగారు. దానికి శంకుస్థాపన జరిగేసరికి 2022 వచ్చింది. వద్దన్నదాన్ని ఆపించడం కంటే కావాలన్నదాన్ని తెప్పించుకోవడానికి ఎక్కువ కాలం పడుతుంది. కాబట్టి గ్రూపులో బాధ్యతలు ఆరు నెలలకోసారి చేతులు మారేలా పెట్టుకోండి. ఒక్కరే మోస్తే, ఆ ఒక్కరు ఇల్లు మారిన రోజున అంతా ఆగిపోతుంది.

బస్సు వచ్చాక

పూలదండ వేసి, కొబ్బరికాయ కొట్టి, ఫోటో దిగి మర్నాటి నుంచి మళ్లీ బండి తీశారనుకోండి, నెల తిరక్కుండానే ఆ ట్రిప్పు తీసేస్తారు. ఓఆర్ పడిపోయిందని డిపో రికార్డులో ఉంటుంది, మీరు కాదనలేరు.

మొదటి వారంలోనే టైమింగులు ఫ్లెక్సీ మీద వేయించి కమాన్‌కు, అపార్ట్‌మెంట్ల లిఫ్టుల పక్కన, కాలేజీ నోటీసు బోర్డు మీద పెట్టండి. బస్సు ఎక్కడుందో చూసుకోవడానికి ఆర్టీసీ గమ్యం యాప్ ఉంది. పెద్దవాళ్ల ఫోన్లలో పిల్లల చేత వేయించండి. వారానికి రెండు రోజులైనా బస్సెక్కుతామని ఇంటికొకరు మాటివ్వాలి. ఉదయం ట్రిప్పు రాకపోతే ఆ రోజే తేదీ, టైము రాసి డిపోకు తెలియజేసే మనిషి ఒకరుండాలి. నెలాఖరుకు ఆ పట్టికను డిపో మేనేజర్‌కు ఇవ్వండి. వచ్చిన ట్రిప్పులు కూడా అందులో ఉండాలి, రానివే రాస్తే తగువుకు వచ్చినట్టుంటుంది. వేళకు నడిపే డ్రైవర్, కండక్టర్ ఉంటే వాళ్లను మెచ్చుకుంటూ ఒక ఉత్తరం రాయండి.

మూడో నెల సగం గడవగానే, గడువు ముగిసేదాకా ఆగకుండా, మొదటిరోజు నిలబడిన చోటే మళ్లీ నిలబడి లెక్క తీయండి. షేర్ ఆటోల్లోంచి ఎంతమంది బస్సులోకి మారారో రాసి, పొడిగింపును కొనసాగించాలని రెండో అర్జీ అప్పుడే ఇవ్వండి. దాంతోపాటే రాత్రి తొమ్మిదిన్నరకు ఒక ట్రిప్పు అడగండి. సెకండ్ షిఫ్టు ముగించుకుని వచ్చే నర్సులు, షాపింగ్ మాల్స్‌లో పనిచేసే పిల్లలు ఇంకా ఆటోలోనే వస్తున్నారు.